ఆదివారపు తాడు

హేమంత్ పొద్దున్నే మారికుప్పంలో రైలెక్కి బెంగళూరు పక్కనున్న వైట్‌ఫీల్డ్‌లో దిగుతాడు. ఆఫీసు భవనాల అద్దాలు తుడవడం అతని పని. అదీ బయటివైపు నుంచి. భవనం పైకప్పు మీద రెండు తాళ్లు కట్టి, వాటి ఆధారంతో చిన్న పలక మీద కూర్చుని, ఒక్కో అంతస్తు దిగుతూ సబ్బునీళ్లు పూసి, రబ్బరు పట్టీతో లాగుతూ కిందికి వస్తాడు. లోపల ఏసీలో కూర్చున్నవాళ్లు ఒక్కోసారి తలెత్తి చూస్తారు. చాలామంది చూడరు.

"మావాడు గాజు కంపెనీలో ఉండాడు" అని తల్లి మునిలక్ష్మి చుట్టుపక్కల వాళ్లకు చెప్పుకునేది. ఆమెకు తెలిసింది అంతే. హేమంత్ ఆ మాటను సరిదిద్దలేదు. తండ్రి జ్వరంతో పోయినప్పుడు అతను ఇంకా బడిలో ఉన్నాడు. అప్పటినుంచి ఆమె టైలరింగ్ చేసి ఇల్లు నడిపింది. ఆమెను కొత్తగా భయపెట్టడం దేనికి అనుకున్నాడు. తండ్రివైపు తాత హనుమప్పకు మాత్రం నిజం చెప్పాడు. హనుమప్ప రామకుప్పం వైపు పల్లె నుంచి కుర్రతనంలో వచ్చి, కోలారు బంగారు గనుల్లో చేరి, అవి మూతపడటానికి కొంచెం ముందు రిటైరైన మనిషి. ఇప్పటికీ ముగ్గురూ గని కార్మికుల కోసం కట్టిన వరస ఇళ్లలోనే ఉంటారు.

"ఎంత ఎత్తుంటాదిరా?" అని అడిగాడు తాత.

"ఇరవై అంతస్తులు తాతా."

"మేము దిగినదానికి అది యే మూలకూ రాదులే" అని నవ్వాడు. నవ్వితే దగ్గొచ్చింది. దగ్గు తగ్గాక, "మీ అమ్మకు చెప్పొద్దు" అన్నాడు.

మొదటి వారం హేమంత్ కిందికి చూడకుండా దిగాడు. తర్వాత అలవాటైపోయింది. పని నేర్పిన సూపర్‌వైజర్ జయరాం బంగారపేట మనిషి. ప్రతి ముడినీ తన చేత్తో లాగి చూస్తేగాని ఎవరినీ అంచు దాటనివ్వడు. ఒక తాడు బరువు మోస్తుంది, రెండోది ఊరికే కాచుకుని ఉంటుంది. రెండూ సిమెంటు దిమ్మెలకు కట్టి ఉంటాయి. పైకప్పు మీద ఉన్నంతసేపు 'పడటం' అనే మాట ఎవరూ అనకూడదని జయరాం పట్టుదల. కాబట్టి హేమంత్ తనను తాను ధైర్యవంతుడని ఎప్పుడూ అనుకోలేదు. బస్సు నడిపేవాడికి బస్సు ఎంత వింతో, అతనికి ఆ ఎత్తు అంతే.

ఒక ఆదివారం స్నేహితులతో కలిసి కోలారు పక్కన ఉన్న అంతరగంగె కొండకు వెళ్లాడు. ఊటబుగ్గ దగ్గర నీళ్లు తాగి, మెట్లు దాటి, పెద్ద పెద్ద గుండ్ల మధ్యకు పోయారు. అక్కడ ఒక నిలువు బండ దగ్గర నలుగురు తాళ్లు విప్పుతున్నారు. ఆ తాళ్లు, నడుము బెల్టులు, కొక్కేలు అన్నీ హేమంత్ రోజూ చూసేవే. తన పనివాళ్లే కనబడ్డారన్న సంతోషంతో దగ్గరికి వెళ్లి, అక్కడున్న ఆడమనిషిని అడిగాడు.

"అక్కా, మీది యే కంపెనీ?"

"కంపెనీనా?"

"ఈ బండ దగ్గర ఏం పని చేస్తా ఉండారు? రాయి కొట్టడానికా?"

ఆమె పేరు చంద్రిక. కోలారులో ఒక బ్యాంకులో పనిచేస్తుంది. మిగతావాళ్లు పడీపడీ నవ్వుతుంటే ఆమె మాత్రం మర్యాదగా జవాబిచ్చింది.

"పనేమీ లేదప్పా. సుమ్నే ఎక్కుతా ఉండాము."

సుమ్నే అంటే ఊరికే, ఏ కారణమూ లేకుండా అని. కన్నడం నుంచి వచ్చి ఆ జిల్లా తెలుగులో ఎప్పుడో కలిసిపోయిన మాట. చిన్నప్పటినుంచి హేమంత్ ఆ మాటను వేలసార్లు వాడి ఉంటాడు. సుమ్నే కూర్చున్నాను, సుమ్నే వచ్చినాను. సుమ్నే తాడు కట్టుకునేవాళ్లను మాత్రం అప్పుడే చూశాడు.

"నువ్వూ ఎక్కి చూస్తావా?" అంది చంద్రిక.

తాడు ఒక కొస అతని నడుముకు కట్టారు, పైన కొక్కెంలోంచి దిగిన రెండో కొస చంద్రిక పట్టుకుంది. తాళ్లు తెలిసినవాణ్ణి, ఇదెంత అనుకుని ఎక్కడం మొదలుపెట్టాడు. రెండు నిలువుల ఎత్తు కూడా పోలేక ఆగిపోయాడు. అతని పనంతా దిగడమే. బరువంతా తాడు మీద వేసి హాయిగా కూర్చోవడమే. ఇక్కడ తాడు వదులుగా ఉంది. ఒంటిని మోయాల్సింది వేళ్లూ కాళ్లూ. అవి రెండూ ఒకేసారి వణకడం మొదలుపెట్టాయి.

"వదిలెయ్యప్పా, నేను పట్టుకున్నాను" అని కింద నుంచి చంద్రిక అరిచింది.

"వద్దక్కా! వద్దు, వద్దు!"

వదలడం అతనికి చేతకాలేదు. చివరికి వేళ్లే జారాయి. చెయ్యి చాపినంత దూరం పడ్డాడో లేదో తాడు ఆపేసింది. కానీ అతను పెట్టిన కేకకు పక్క గుండు మీద ఉన్న కోతులు దూకి పారిపోయాయి. కిందికి దించాక స్నేహితులు ఏడిపించారు. అతను బండకు ఆనుకుని కాసేపు కూర్చున్నాడు. తర్వాత లేచి చంద్రిక దగ్గరికి పోయి, "ఇంగొకసారి ఎక్కనా అక్కా?" అని అడిగాడు.

ఆ తర్వాత చాలా ఆదివారాలు అక్కడే గడిచాయి. అమ్మకు స్నేహితులతో పోతున్నానని చెప్పేవాడు, తాతకు మాత్రం కొండ సంగతి తెలుసు. మెల్లమెల్లగా కాలిని నమ్మడం వచ్చింది, తర్వాత పడటం వచ్చింది. పడేముందు ఊపిరి వదలడం, కాళ్లు ముందుకు పెట్టి బండను తాకడం. పైకప్పు మీద అనకూడని మాటను ఇక్కడ పాఠంలా నేర్పుతారు.

ఒకరోజు ఎండ ఎక్కువై అందరూ నీడలో కూర్చున్నప్పుడు, చాన్నాళ్లుగా ఉన్న అనుమానం అడిగేశాడు.

"అక్కా, దీన్ని ఎక్స్‌ట్రీమ్ స్పోర్ట్, ప్రమాదమైన ఆట అంటారు కదా. మరి నేను వారమంతా చేసేది? దీనికన్నా పది రెట్లు ఎత్తు అది."

"అక్కడికి నిన్నెవరు పంపుతారు?"

"జయరామన్న."

"ఇక్కడికి?"

"ఎవరూ లేదు."

"చూసినావా, అదొక తేడా."

హేమంత్‌కు అది చాలలేదు. "మా ఫ్రెండు ఒకడు హెల్మెట్ లేకుండా బైకు మీద రెండు చేతులూ వదిలేసి పోతాడు. వాణ్ణి కూడా ఎవరూ పంపలేదు. అది కూడా ఆటేనా?"

చంద్రిక నీళ్ల సీసా మూత తిప్పింది. "కాదనుకుంటా. వాడు నేర్చుకునేది ఏముండాది దాంట్లో? బాగుంటే బాగుంటాడు, లేకుంటే లేదు. ఇక్కడ పడితే యాడ తప్పు చేసినామో తెలుస్తుంది. మళ్లీ వచ్చి దాన్ని సరిచేసుకుంటాము." నీళ్లు తాగి మళ్లీ అంది. "నాకూ సరిగ్గా తెలీదప్పా. క్యారమ్స్‌లో తప్పు చేస్తే కాయ పోతుంది. ఇక్కడ కాలు పోతుంది. అట్లని కాలు పోవాలని ఎవరూ రారు కదా."

ఆ బండకు ఎడమవైపు ఒక చీలిక ఉంది. అరచెయ్యి పట్టేంత వెడల్పుతో మొదలై, పైకి పోయేకొద్దీ సన్నబడి, చివర రెండు వేళ్లే దూరేంతగా మారుతుంది. హేమంత్ మనసు దానిమీద పడింది. పై నుంచి తాడు వేసుకోకుండా, తాడును వెంట తీసుకుపోతూ దారిలో రాతికి దిగ్గొట్టిన కొక్కేలకు తగిలించుకుంటూ ఎక్కాలి. జారితే ఆఖరు కొక్కెం దాటి చాలా దూరం పడాలి. ఒక ఆదివారం అలాగే పడ్డాడు. మోచేతి నుంచి మణికట్టు దాకా చర్మం లేచిపోయింది. చెంప గీసుకుపోయింది. అమ్మతో మెట్ల మీద జారానని చెప్పాడు.

మర్నాడు పైకప్పుకు పోయే మెట్ల దగ్గర జయరాం అతని ముఖం చూశాడు.

"ఏమైంది?"

"కొండెక్కి పడినానన్నా."

"ఏంటికి ఎక్కినావు?"

"సుమ్నే."

జయరాం చేతిలో ఉన్న తాడు కింద పెట్టాడు. "అది ఎక్స్‌ట్రీమ్ స్పోర్ట్ రా. అట్లాంటివి చేసేవాణ్ణి తాడు మీద పెట్టకూడదని కంపెనీలో రూలు ఉండాది."

"అన్నా, ఇప్పుడు నేను దిగబోయేది ఇరవయ్యో అంతస్తు నుంచి. దీన్నేమంటారు మరి?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. జయరాం నవ్వలేదు.

"దీన్ని పని అంటారు. ఇక్కడ పడేదనేదే లేదు. పడితే ఎవడో తప్పు చేసినాడని అర్థం. అక్కడ పడి లేవడమే ఆట. వారం వారం పడే అలవాటు నీ ఒంటికి వచ్చేస్తే, ఒకనాడు ఇక్కడ కూడా నీ చెయ్యి దానంతట అదే వదిలేస్తుంది."

అతన్ని పక్కకు పిలిచి, గొంతు తగ్గించి చెప్పాడు. ఇంతకుముందు తన దగ్గర ఒకడు ఉండేవాడట. మంచి పనివాడు. కొన్నాళ్లకు వాడికి గాల్లో ఊగడం ఇష్టమైపోయింది. ఎవరైనా ఫోనులో వీడియో తీస్తుంటే రెండో తాడు తగిలించుకునేవాడు కాదు. "వాడు చచ్చిపోలేదు. నడవలేడు, అంతే. భయం పోతే పరవాలేదు హేమంత్, జాగ్రత్త ఉంటే చాలు. ఇష్టం పుడితేనే కష్టం. కొండా, పనా, రెండిట్లో ఏదో ఒకటి చూసుకో."

హేమంత్ కొండ మానేశాడు. ఆదివారాలు ఇంట్లోనే ఉన్నాడు. ఫ్యాన్ విప్పి తుడిచాడు, కుట్టుమిషన్‌కు నూనె వేశాడు, మధ్యాహ్నం పడుకుని లేచి మళ్లీ పడుకున్నాడు. ఇలా కొన్ని వారాలు చూసి, ఒకరోజు అన్నం తింటూ తాత యథాలాపంగా అడిగాడు.

"ఏమిరా, ఈ మధ్య కొండకు పోయేదే లేదే?"

"యే కొండకు?" అంది మునిలక్ష్మి.

ఇక దాచడానికి వీల్లేకపోయింది. అద్దాలు, ఇరవై అంతస్తులు, తాళ్లు, అంతరగంగె, చెంప మీద గీత, అన్నీ ఒక్కసారిగా బయటపడ్డాయి. మునిలక్ష్మి చేతిలోని గరిటె గిన్నెలో పెట్టేసి విన్నది. అద్దాల సంగతికి కొంగుతో ముఖం తుడుచుకుంది. కొండ సంగతి విన్నాక నోరు విప్పింది.

"పని అంటే సరేనప్పా. మీ తాత పోలేదా, మా నాయన పోలేదా. కడుపు కోసం పోయినారు. దేవుడు చూసుకుంటాడని నేనూ వాకిట్లో కూర్చుంటా. సుమ్నే చావడానికి పోయినవాణ్ణి మాత్రం నేను యాడా చూడలేదు."

తినకుండానే లేచి లోపలికి వెళ్లిపోయింది. కుట్టుమిషన్ చప్పుడు మొదలైంది.

హనుమప్ప చెయ్యి కడుక్కుని వాకిట్లో కుర్చీ వేసుకున్నాడు. మనవణ్ణి కూర్చోమన్నాడు. ఎదురుగా గనుల మట్టి పోసిన తెల్లటి దిబ్బలు ఎండకు మెరుస్తున్నాయి.

"మీ అమ్మ చెప్పింది నిజమే. అయితే అంతా అది కాదు" అన్నాడు. "షిఫ్టు అయినాక గనిలోంచి మనుషుల్ని పైకి లాగే కేజ్ కోసం చానాసేపు కాచుకుని ఉండాల. ఆ టైములో మేము కుర్రోళ్లము ఒకటి చేసేవాళ్లము. ఒక సొరంగం నుంచి పైన సొరంగానికి నిచ్చెన ఉంటాది. తల మీద లైటు ఆర్పేసి, ఆ చీకట్లో ఎక్కేది. గెలిచినోడికి క్యాంటీన్‌లో వడ."

"నువ్వూ ఎక్కినావా తాతా?"

"వడ కోసం ఎక్కినాను. ఆపైన వడ లేకుండా కూడా ఎక్కినాను. ఎవుడూ చూడకుండా."

"భయం కాలేదా?"

"కాకుండా ఉంటాదా! పొద్దున్నుంచి పడింది ఒక భయం. అది కంపెనీ పెట్టిన భయం. పైన రాయి ఎప్పుడు పగులుతాదో మన చేతిలో యాడుండాది? నిచ్చెన మీద భయం మాత్రం నాది. కాలు సరిగ్గా పెడితే పోతాది, పెట్టకుంటే వస్తాది. దినమంతట్లో నా అంతట నేను చేసింది అదొక్కటే."

తాత దగ్గి, గొంతు సవరించుకున్నాడు.

"మునివెంకటప్ప అని నా జతగాడు. ఒకనాడు వాడు జారినాడు. నడుము విరిగింది. ఆపైన మేమెవరమూ ఆ నిచ్చెన జోలికి పోలేదు. దాన్ని ఆట అని కూడా అనలేదు. వాణ్ణి చూసేదానికి ఆస్పత్రికి పోతే, వాడే అడిగేవాడు, ఎవుడైనా ఎక్కినాడారా అని."

"మరి నన్నేం చేయమంటావు తాతా?"

"నాకేం తెలుసురా. నన్నడిగి ఎక్కినావా?"

ఆ రెండు మాటలూ హేమంత్ వెంట చాలా రోజులు తిరిగాయి. మునివెంకటప్ప నడుము ఒకవైపు, అతను అడిగిన ప్రశ్న ఒకవైపు. దేన్నీ కాదనలేకపోయాడు. తాతవాళ్ల నిచ్చెనకు తాడు లేదు, కింద పట్టుకునేవాళ్లు లేరు, నేర్పేవాళ్లు లేరు. తమ బండకు ఇవన్నీ ఉన్నాయి. అయినా అరచేతిలో పట్టే చెమట ఒకటే. ఇంత వెతికినా పనికీ ఆటకూ మధ్య గీత ఎక్కడుందో అతనికి పూర్తిగా తేలలేదు. ఒకటి మాత్రం తేలింది. ఒక సోమవారం జయరాం దగ్గరికి వెళ్లాడు.

"కొండ వదల్లేనన్నా. దాచిపెట్టి పోవడం కూడా నాకు ఇష్టం లేదు. తాడు మీంచి తీసేస్తే తీసెయ్."

జయరాం చేతిలోని తాడు చుట్టి పక్కన పెట్టాడు. పనిలోంచి తీసెయ్యలేదు, తాడు మీదికీ పంపలేదు. పైకప్పు మీద కాపలా పెట్టాడు. మిగతావాళ్లు దిగుతుంటే వాళ్ల తాళ్లు అంచుకు రాసుకోకుండా, ముడులు కదలకుండా చూడటం. హేమంత్‌కు మొదట అవమానంగా అనిపించింది. కిందికి తొంగి చూస్తే మనుషులు కనబడరు, బిగుసుకుంటూ వదులవుతూ తాళ్లే కనబడతాయి. ఆ చివర ఎవరున్నారో అని కాచుకుని ఉండటం, తాను దిగడం కన్నా కష్టమని కొన్నాళ్లకు అర్థమైంది. అమ్మ వాకిట్లో కూర్చుంటానన్నది గుర్తొచ్చేది.

కాపలా సంగతీ, కొండ వదలనన్న సంగతీ ఇంట్లో చెప్పినప్పుడు మునిలక్ష్మి బట్ట కత్తిరిస్తూ ఉంది. తల ఎత్తకుండానే, "వచ్చే ఆదివారం నేనూ వస్తా" అంది.

"యాడికమ్మా?"

"యాడ చస్తా ఉండావో చూడాల కదా."

ఇంటికి దగ్గరున్న రాబర్ట్‌సన్‌పేటలో బస్సెక్కి కోలారు వెళ్లారు. మునిలక్ష్మి చిత్రాన్నం క్యారియర్‌ను దారంతా ఒళ్లోనే పెట్టుకుంది. అంతరగంగె మెట్లు ఆగి ఆగి ఎక్కింది. బండ కింద నిలబడి తల వెనక్కు వంచి పైదాకా చూసింది. చంద్రిక వచ్చి నమస్కారం పెట్టింది.

"తాడు యాడ కడతారమ్మా?" అని అడిగింది మునిలక్ష్మి.

"కిందివైపు కట్టేది లేదమ్మా. నేనే పట్టుకుంటా."

మునిలక్ష్మి ఆమెను కాళ్ల నుంచి తల దాకా చూసింది. చంద్రిక బక్కపలచటి మనిషి. "వాడు నీకన్నా బరువు కదమ్మా!"

తాడును బిగించే ఇనుప బిళ్లను చంద్రిక చూపించింది. లాగి, ఆగేలా చేసి చూపించింది. మునిలక్ష్మి శ్రద్ధగా చూసింది గాని ఆమె మనసు ఆ బిళ్ల మీద లేదు.

"పొద్దున ఏమన్నా తిన్నావా?"

"కాఫీ తాగినానమ్మా."

"అట్లయితే వాడు ఎక్కేది లేదు" అని క్యారియర్ విప్పింది.

చంద్రిక వద్దన్నా వినలేదు. బండ నీడలో కూర్చోబెట్టి, పెట్టిందంతా తినేదాకా ఎదురుగా కూర్చుంది. హేమంత్ బెల్టు కట్టుకుని సిద్ధంగా నిలబడే ఉన్నాడు.

తర్వాత ఎక్కడం మొదలుపెట్టాడు. కింది భాగం బాగానే సాగింది. చీలికలో అరచెయ్యి దూర్చి, పిడికిలి బిగించి, కాలు మెలిపెట్టి పైకి లేచాడు. ఒక కొక్కెం, మరొక కొక్కెం. చీలిక సన్నబడే చోట వేళ్లు దూర్చి, కుడికాలు ఎత్తబోయాడు. ఎడమకాలు జారింది.

కేక లేదు. తాడు సర్రున లాగింది. అతని బరువుకు చంద్రిక నేల మీంచి పైకి లేచింది. మునిలక్ష్మి ఒక్క ఉదుటున వెళ్లి ఆమె నడుమును రెండు చేతులతో చుట్టేసి పట్టుకుంది. ఇద్దరూ కలిసి బండకు తగిలి ఆగారు.

గాల్లో వేలాడుతున్న హేమంత్ కిందికి చూశాడు. తన తల్లి కళ్లు మూసుకుని, పరాయి మనిషి నడుము పట్టుకుని ఉంది.

"అమ్మా, నాకేం కాలేదు!"

మునిలక్ష్మి కళ్లు తెరిచింది. పట్టు వదల్లేదు. పైకి చూసి, కొడుకు కాళ్లూ చేతులూ సరిగ్గా ఉన్నాయని చూసుకుని, చంద్రికను అడిగింది.

"ఆ ఎడమకాలు ఇంగ కొంచెం పైన పెట్టి ఉంటే పడేవాడు కాదు కదా?"

"అవునమ్మా."

"మరి చెప్పు వానికి."

హేమంత్ మళ్లీ అక్కడిదాకా వెళ్లాడు. ఎడమకాలు పైన పెట్టాడు. వేళ్లు చీలికలో ఉంచి అలాగే నిలబడ్డాడు. పై అంచు దగ్గరలోనే కనబడుతోంది. ముంజేతులు ఉబ్బి రాయిలా బిగుసుకుపోయాయి. ఇంకొక్కసారి ఎగిరితే అందవచ్చు, అందకపోవచ్చు. అమ్మ చూస్తోంది. ఆమె ముందు పైకి చేరాలని ఎంతో ఉంది. ఊపిరి వదిలాడు.

"దించెయ్ అక్కా" అన్నాడు.

నేల మీదికి వచ్చాక మునిలక్ష్మి అడిగింది. "ఏమిరా, వచ్చేసినావు?"

"ఈ దినానికి చేతులు చాల్లేదమ్మా."

ఆమె అతని వేళ్లు తీసుకుని చూసింది. చర్మం ఊడిన చోట చీర కొంగుతో మట్టి తుడిచింది. తిరుగు బస్సులో కిటికీ వైపు చూస్తూ అంది. "నాకు ఇది నచ్చలేదు. ఎన్నిసార్లు చూసినా నచ్చదు. అయితే యాడ చాలు అనాలనో నీకు తెలుసు. పోయే ముందర చెప్పిపో."

వానాకాలంలో ఒకరోజు వైట్‌ఫీల్డ్‌లో గాలి ఎక్కువైంది. భవనంవాళ్లు ఆ పక్క అద్దాలు సాయంత్రానికల్లా అయిపోవాలని తొందరపెడుతున్నారు. పైకప్పు మీద హేమంత్ తాళ్లు ఊగడం చూసి, ఎవరినీ అడగకుండా, తాళ్లు లాగి అందరినీ నేలకు దిగిపొమ్మని సైగ చేశాడు. మెట్లెక్కి వస్తున్న జయరాం కూడా ఆ మాట చెప్పడానికే వస్తున్నాడు. ఆ మరుసటి వారం హేమంత్‌కు తాడు అందించాడు.

"రూలు ఉండాదన్నావు కదన్నా?"

"పైవాళ్లతో మాట్లాడినాను. నా పూచీ మీద ఒప్పుకున్నారు. అద్దం మీద ఉన్నంతసేపు నువ్వు ఆటగాడివి కాదు, తెలిసిందా?"

"తెలిసిందన్నా."

చలికాలం ఒక ఆదివారం హేమంత్ ఆ చీలిక చివరిదాకా వెళ్లాడు. పైన మనిషి కూర్చునేంత చదును ఉంది. దూరంగా చెరువులు, మామిడి తోటలు, పట్టుపురుగుల షెడ్ల రేకులు కనబడ్డాయి. కింద నుంచి చంద్రిక అరుపులు వినబడ్డాయి. కాసేపు కూర్చుని దిగొచ్చాడు.

ఇంటికి వచ్చేసరికి తల్లి జాకెట్టుకు హుక్కులు కుడుతోంది.

"పైదాకా పోయినానమ్మా."

"పైన ఏముండాది?"

"కొంచెం గడ్డి. ఒక తొండ."

"అంతేనా?"

"అంతే."

మునిలక్ష్మి దారం కొరికి, అతని ముఖంలోకి ఒకసారి చూసి, "కాళ్లు కడుక్కునిరా, తిందువు" అంది.